పాత ఇంటికి కొత్త వైరింగ్: డీబీని ఉన్నచోటే ఉంచాలా, జరపాలా?

పాత ఇంటి వైరింగ్ మొత్తం మార్చాలనుకున్న రోజే ఈ ప్రశ్న ఎదురవుతుంది. తలుపు వెనకో, మెట్ల కిందో, చేతికందని ఎత్తులోనో ఉన్న పాత ఫ్యూజు బోర్డు స్థానంలోనే కొత్త డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ఇంటి సర్క్యూట్లన్నింటికీ కరెంటు పంచే స్విచ్చుల పెట్టె) పెట్టాలా, లేక అనువైన చోటికి జరపాలా? చాలామంది దీన్ని గోడ అందం సంగతిగానో, పెట్టె ఖరీదు సంగతిగానో చూస్తారు. పెట్టెను జరపడం ఒక పూట పని. అందులోకి వచ్చి చేరే వైర్లను జరపడమే అసలు పని. కాబట్టి ముందు వైర్లను లెక్కపెట్టండి: మొత్తం ఎన్ని సర్క్యూట్లు, వాటిలో ఎన్నింటికి ఈ కొస నుంచి ఆ కొస దాకా కొత్త వైరు పడుతోంది, ఎన్ని పాతవే ఉండిపోతున్నాయి. ఈ లెక్క తేలితే నిర్ణయం సగానికి పైగా తేలినట్టే.

దారులు నాలుగు. ఉన్నచోటే పాత బోర్డు తీసి కొత్త డీబీ బిగించడం ఒకటి. డీబీని జరిపి, పాత పెట్టెను జంక్షన్ బాక్సుగా మార్చి, పాత వైర్లను అక్కడి నుంచి పొడిగించడం రెండోది. డీబీని జరిపి ప్రతి సర్క్యూట్‌కూ కొత్త వైరు లాగడం మూడోది. పాత చోట మెయిన్ స్విచ్ మాత్రం ఉంచి, ఒక పెద్ద వైరుతో ఇంటి నడిమధ్యకు సబ్ డీబీ, అంటే మెయిన్ నుంచి కరెంటు తీసుకునే రెండో డీబీ, తీసుకెళ్లడం నాలుగోది. కింది అంకెలన్నీ 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌కు, పీవీసీ తొడుగున్న రాగి వైర్లకు సంబంధించినవి.

ముందు పాత పెట్టె ఏం చెబుతోందో చూడండి

మూత తెరిచే ముందు ఒక హెచ్చరిక. మెయిన్ స్విచ్ ఆపినా మీటరు నుంచి వచ్చే వైర్లలోనూ, అవి బిగించిన పై స్క్రూలలోనూ కరెంటు ఉంటుంది. అక్కడ చేయి పెట్టాలంటే సరఫరా సంస్థ వాళ్లు మీటరు దగ్గర ఆపాల్సిందే. మీటరు సీలు మనం తెంచేది కాదు. ఈ పనంతా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. ఇంటివాళ్లు చేయగలిగింది సరైన ప్రశ్నలు అడగడం, సరైన దారి ఎంచుకోవడం.

లోపల వైర్ల కొసలే ఇంటి వయసు చెబుతాయి. నూలు అల్లిక కింద నల్లటి రబ్బరు తొడుగు కనిపిస్తే, స్క్రూకి దగ్గర ఉన్న అంగుళం మేర జాగ్రత్తగా గమనించండి. ఏళ్ల తరబడి వేడి తగిలిన చోట రబ్బరు ఎండిపోయి, వైరును పక్కకు వంచగానే పెచ్చులుగా రాలుతుంది. పైపు లోపల ఉన్న భాగం ఇంకా మెత్తగానే ఉండవచ్చు, కానీ బోర్డు మార్చాలంటే కదపాల్సింది ఆ ఎండిన కొసనే. ఇలాంటి వైరును పొడిగించే ఆలోచనే వద్దు. వెండి రంగులో ఉంటే అది అల్యూమినియం కావచ్చు. తొడుగు తీసేటప్పుడు కత్తి గీత పడితే చాలు, రెండు వంపుల్లో తెగిపోతుంది. రాగితో నేరుగా మెలిపెడితే తేమ తగిలి అతుకు తినేసుకుపోతుంది. ఫేజ్, న్యూట్రల్ తప్ప మూడో వైరే లేకపోతే ఆ సర్క్యూట్‌కు ఎర్త్ లేనట్టే. దాన్ని పొడిగిస్తే ఎర్త్ లేనితనమే కొత్త డీబీ దాకా వస్తుంది.

కంటికి బాగున్న వైరును మెగ్గర్‌తో, అంటే వైరు తొడుగు (ఇన్సులేషన్) కరెంటును ఎంత ఆపుతోందో కొలిచే పరికరంతో, పరీక్షించాలి. ప్లగ్గులన్నీ తీసేసి, బల్బులు విప్పి, 500 వోల్టుల డీసీ పెట్టి ఫేజ్‌కూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూస్తే కనీసం 1 మెగాఓమ్ రావాలి. మంచి పీవీసీ వైరైతే అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది. 1 దగ్గర ఊగిసలాడుతున్న వైరును వానాకాలంలో మళ్లీ కొలిస్తే కింద పడుతుంది. దాన్ని మార్చాల్సిన జాబితాలో వేసేయండి.

ఉన్నచోటే ఉంచడం

పాత చోటు సరైనదైతే అక్కడే ఉంచడం తెలివైన పని. సరైన చోటంటే: ముందు ఒక మీటరు ఖాళీ, నిలబడటానికి 75 సెం.మీ. వెడల్పు, పై వరుస స్విచ్చి నేల నుంచి 2 మీటర్లు మించని ఎత్తు, పొడి గోడ. స్నానాలగది లోపల, సింకు మీద, పొయ్యి మీద, మెట్ల మీద, బట్టల అలమర లోపల ఉన్న బోర్డును మాత్రం ఎంత ఖర్చయినా జరపాల్సిందే. చీకట్లో మెట్టు మీద నిలబడి ట్రిప్ అయిన స్విచ్చి వెతకడం ప్రమాదం. అలమరలో బట్టల మధ్య ఒక లూజ్ కనెక్షన్ చాలు నిప్పు అంటుకోవడానికి.

ఈ దారిలో జనం పొరపడేది సైజు దగ్గర. ఆరు ఫ్యూజుల చెక్క బోర్డు తీసిన గుంతలో కొత్త డీబీ పడుతుందనుకుంటారు. లెక్క చూడండి. లైట్లు, ఫ్యాన్లకు మూడు సర్క్యూట్లు, మామూలు ప్లగ్గులకు మూడు, వంటింటికి రెండు, గీజరుకు ఒకటి, ఏసీలకు రెండు, మోటారుకు ఒకటి: మొత్తం 12. ఒక్కో సర్క్యూట్‌కు ఒక ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్చి), అది డీబీలో ఒక మాడ్యూల్, అంటే ఒక గడి, పడుతుంది. దీనికి మెయిన్ ఐసొలేటర్ (మెయిన్ స్విచ్) రెండు మాడ్యూళ్లు, రెండు ఆర్‌సీసీబీలు (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చులు) రెండేసి చొప్పున నాలుగు కలిపితే 18. తర్వాత పెట్టుకోవడానికి నాలుగో వంతు ఖాళీ వదిలితే 22 దాటుతుంది. కొనాల్సింది 24 మాడ్యూళ్ల డీబీ. ఒక మాడ్యూల్ వెడల్పు సుమారు 18 మి.మీ. కాబట్టి 12 మాడ్యూళ్ల వరుసే 216 మి.మీ., అలాంటివి రెండు వరుసలు, చుట్టూ వైర్లు తిప్పుకోవడానికి చోటు. పాత గుంత ఎలాగూ పెద్దది చేయాలి. అంటే గోడ పగలగొట్టే పని తప్పిందనుకున్న చోట కూడా తప్పదు.

రెండో ఇబ్బంది చీకటి. ఒకే చోట పాతది తీసి కొత్తది పెట్టాలంటే పని నడిచినన్నాళ్లూ ఇంటికి కరెంటు ఉండదు, లేదంటే తాత్కాలిక బోర్డు కట్టాలి. తాత్కాలిక బోర్డుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. గోడలు కొట్టే డ్రిల్లు, తడి సిమెంటు, తెగిన వైర్లు అన్నీ కలిసే రోజులవి.

గోడ ఎంత గాడిని భరిస్తుంది?

డీబీని జరపాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది గోడ మందం. ఇక్కడ రెండు లెక్కలు ఒకదానికొకటి అడ్డుపడతాయి.

మొదటిది వేడి లెక్క. గోడలో పైపు ద్వారా వెళ్లే 2.5 చ.మి.మీ. వైరు ఒక్క సర్క్యూట్‌గా ఉంటే, 30 డిగ్రీల వాతావరణంలో 24 యాంపులు మోస్తుంది. గది వేడి 40 డిగ్రీలైతే దాన్ని 0.87తో గుణించాలి. ఒకే పైపులో రెండు సర్క్యూట్లుంటే 0.80తో, మూడుంటే 0.70తో ఇంకా తగ్గించాలి. రెండు సర్క్యూట్లకు 16.7 యాంపులు వస్తుంది, 16 యాంపుల ఎంసీబీకి సరిపోతుంది. మూడింటికి 14.6 యాంపులే, సరిపోదు. పైపులో ఇంకా చోటుంది కదా అని మూడో సర్క్యూట్ దూర్చేస్తే కనిపించని నష్టం మొదలవుతుంది. ఎంసీబీ ట్రిప్ కాదు, వైరు మాత్రం రోజూ దాని హద్దు దాటి వేడెక్కుతుంది, తొడుగు తొందరగా ముసలిదవుతుంది. కాబట్టి వేడి ఎక్కువగా ఉండే చోట 25 మి.మీ. పైపుకు రెండు పవర్ సర్క్యూట్లు చాలు. అన్నీ అలాంటివే అనుకుంటే పన్నెండింటికి ఆరు పైపులు.

రెండోది గోడ లెక్క. ఇటుక గోడలో నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి లోతు ఆరో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న మంచి కొలత. 115 మి.మీ. గోడకు నిలువుగా 38 మి.మీ. వరకు కొట్టవచ్చు, 25 మి.మీ. పైపు హాయిగా పడుతుంది. అడ్డంగా 19 మి.మీ. మాత్రమే, పైపు పట్టదు. 230 మి.మీ. గోడకు అడ్డంగా కూడా 38 దాకా వెళ్లవచ్చు. అంటే సన్న గోడ మీద డీబీని పక్కకు జరిపి, ఆరు పైపులను నడుము ఎత్తులో వరసగా అడ్డంగా కోసుకుంటూ వెళ్తే ఆ గోడ నడుము విరిచినట్టే. పాత ఇళ్లలో ఆ గోడ మీద పైకప్పు బరువు కూడా ఉండవచ్చు. పైపులను నిలువుగా కప్పు దాకా ఎక్కించి, కప్పు కింద ఫాల్స్ సీలింగ్‌లోనో, గోడ పైఅంచున కనిపించేలా ట్రంకింగ్‌లోనో (వైర్లు నడిపే మూత ఉన్న గొట్టం) నడిపి, కావాల్సిన చోట మళ్లీ నిలువుగా దించాలి. చూపుకు ట్రంకింగ్ అంత నచ్చకపోవచ్చు. సన్న గోడల ఇంటికి మాత్రం అదే నిజాయితీ గల పరిష్కారం, రేపు ఒక వైరు మార్చాలన్నా మూత తీస్తే చాలు.

జరిపి, పాత వైర్లను పొడిగించడం

నాలుగింటిలో చవకగా కనిపించేది ఇదే, ఎక్కువగా చెడేది కూడా ఇదే. పన్నెండు సర్క్యూట్లకు ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ చొప్పున 36 అతుకులు పడతాయి. ఒక్క అతుకు వదులైనా ఏమవుతుందో చూడండి. అక్కడ 0.1 ఓమ్ నిరోధం పుట్టి, 16 యాంపుల లోడు నడిస్తే 25 వాట్లకు పైగా వేడి ఆ చిటికెడు జాగాలోనే పుడుతుంది. చిన్న టంకం కాడ వేడి అంత ఉంటుంది. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు వేడెక్కి చల్లారుతూ ఉంటే పట్టు సడలుతుంది, రాగి మీద పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, టేపు జిగురు కరిగి జారిపోతుంది. ఇంత జరిగినా ఎంసీబీకి ఏమీ తెలియదు, దాని లెక్కలో కరెంటు 16 యాంపులే.

ఈ దారి పట్టక తప్పకపోతే కొన్ని షరతులున్నాయి. పొడిగించే వైర్లు మెగ్గర్ పరీక్షలో బాగా నెగ్గిన రాగి వైర్లే అయ్యుండాలి, ఎర్త్ ఉండాలి. అతుకులు పట్టాల మీద బిగించే టెర్మినళ్లతోనో, ఆ వైరు సైజుకు రేటింగు ఉన్న లివర్ కనెక్టర్లతోనో వేయాలి, మెలిపెట్టడం వద్దు. పొడిగించే వైరు పాతదాని కన్నా సన్నగా ఉండకూడదు. రెండు కొసలకూ ఒకే నంబరు వేయాలి. అన్నింటికన్నా ముఖ్యం, పాత పెట్టె ఎప్పటికీ తెరవగలిగేలా ఉండాలి. దాని మీద ప్లాస్టరు వేసి రంగు పూస్తే, పదేళ్ల తర్వాత ఒక గదికి కరెంటు పోయినప్పుడు అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మూడు నాలుగు సర్క్యూట్లు, రెండు మూడు మీటర్ల దూరం అయితే ఇది సహేతుకమే. అంతకు మించితే వద్దనే మా సలహా.

జరిపి, అన్నీ కొత్తగా లాగడం

ఇంటి మొత్తానికి కొత్త పైపులు, కొత్త వైర్లు ఎలాగూ వేస్తున్నప్పుడు డీబీని జరపడానికి అదనంగా అయ్యేది చాలా తక్కువ. వైరు ఎక్కడో ఒకచోట చేరాలి కదా, సరైన చోటే చేరనివ్వండి. సరైన చోటంటే బరువైన లోడ్లకు దగ్గర. గీజరు 25 మీటర్ల దూరంలో ఉంటే 2.5 చ.మి.మీ. వైరులో 16 యాంపులకు సుమారు 7 వోల్టులు దారిలోనే పోతాయి, 230లో 3 శాతం. 10 మీటర్లకు దగ్గరైతే 3 వోల్టుల లోపే. మీటరు నుంచి చివరి ప్లగ్గు దాకా మొత్తం తగ్గుదల 5 శాతం, లైట్లకు 3 శాతం దాటకుండా చూసుకోవాలి.

పెద్దగా ఎవరూ చెప్పని సౌకర్యం ఇంకొకటి ఉంది. కొత్త డీబీ వేరే చోట ఉంటే పాత బోర్డు పని చేస్తుండగానే కొత్తదాన్ని బిగించవచ్చు. పాత మెయిన్ నుంచి తాత్కాలికంగా దానికి ఒక ఫీడర్ (డీబీకి కరెంటు తెచ్చే వైరు) ఇచ్చి, ఒక్కో గదిని పాత బోర్డు నుంచి విప్పి కొత్తదానికి మార్చుకుంటూ వెళ్లవచ్చు. ఇంట్లో మనుషులు ఉంటూ వైరింగ్ చేయించుకుంటున్నప్పుడు ఇది ఎంతో విలువైనది. చీకటి చివరి ఒక్క రోజుకే పరిమితమవుతుంది. అయితే రెండు బోర్డులూ నడుస్తున్న ఈ రోజుల్లో పాత సర్క్యూట్ న్యూట్రల్, కొత్త సర్క్యూట్ న్యూట్రల్ ఎక్కడా కలవకూడదు.

ఇదే అదనుగా డీబీ నుంచి డాబా మీదికి ఒకటి, వాహనం నిలిపే చోటికి ఒకటి ఖాళీ పైపులు లోపల లాగుడు తీగతో సహా వేయించండి. సోలార్ ప్యానెళ్లో, వాహనం చార్జరో వచ్చిన రోజు గోడ ముట్టుకోనక్కర్లేదు.

మెయిన్ అక్కడే, సబ్ డీబీ ఇంటి మధ్యలో

సగం వైరింగ్ మారుస్తున్న ఇళ్లకు, రెండంతస్తుల ఇళ్లకు మేం ఎక్కువగా సూచించేది ఇదే. మీటరు, మెయిన్ కదలవు. సరఫరా సంస్థతో పని చాలావరకు తప్పుతుంది. మంచిగా ఉన్న పాత సర్క్యూట్లు పాత చోటే చిన్న డీబీలో ఉండిపోతాయి. కొత్త సర్క్యూట్లన్నీ కొత్త సబ్ డీబీకి చేరతాయి. గోడలో వెళ్లేది ఒకే ఒక్క పైపు.

ఆ పైపులోని ఫీడర్‌కే జాగ్రత్త కావాలి. 40 యాంపుల ఫీడర్‌కు, అంటే 9.2 కిలోవాట్లకు, 10 చ.మి.మీ. వైరు వేయండి. గోడలో పైపులో అది 57 యాంపులు మోస్తుంది, 40 డిగ్రీల దగ్గర దాదాపు 50. దూరం 15 మీటర్లైతే నిండు లోడు మీద తగ్గేది 2.6 వోల్టులు. 6 చ.మి.మీ. వేసి కొంత మిగుల్చుకుందామనుకుంటే, 40 డిగ్రీల దగ్గర అది 36 యాంపులకు పడిపోతుంది, 32 యాంపుల ఎంసీబీకి మించి పెట్టకూడదు. ఎర్త్ వైరు కూడా ఫేజ్‌తో సమానంగా 10 చ.మి.మీ. ఉండాలి. ఫేజ్ 16 చ.మి.మీ. వరకు ఇదే సూత్రం. మూడు వైర్లు 25 మి.మీ. పైపులో పడతాయి. వంపులు రెండుకు మించితే 32 మి.మీ. వేయించండి, లాగేటప్పుడు తొడుగు గీసుకుపోదు.

ఫీడర్‌కు రక్షణ అది మొదలయ్యే చోట, అంటే మెయిన్ దగ్గరే ఉండాలి. ఇక్కడ 40 యాంపుల ఎంసీబీ పెడితే ఒక చిక్కు ఉంది. గదిలో నేరుగా షార్ట్ అయితే ఆ గది 16 యాంపుల ఎంసీబీతో పాటు మెయిన్ దగ్గరిది కూడా పడిపోవచ్చు. లోడు ఎక్కువైనప్పుడు చిన్నదే ముందు పడుతుంది, షార్ట్‌లో మాత్రం రెండూ క్షణంలో స్పందిస్తాయి. మెయిన్ వీధి వైపు తాళం వేసిన పెట్టెలో ఉంటే అర్ధరాత్రి ఇది కష్టం. అక్కడ హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు (పెద్ద షార్ట్ కరెంటును భద్రంగా తెంచే రకం) ఉంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఇంటికి సొంత ఎర్త్ గుంత మాత్రమే ఆధారమైతే ఎంసీబీని నమ్ముకోకూడదు. గుంత నిరోధం 5 ఓమ్‌లు అనుకోండి. ఫీడర్ ఫేజ్ వైరు ఇనప పెట్టెకు తగిలితే నేలలోకి పారేది 230 భాగించు 5, అంటే 46 యాంపులు. 40 యాంపుల సీ కర్వ్ ఎంసీబీ (రేటింగుకు 5 నుంచి 10 రెట్ల కరెంటు దగ్గర వెంటనే పడే రకం) వెంటనే పడాలంటే 200 నుంచి 400 యాంపులు కావాలి. 46కి గంట గడిచినా పడకపోవచ్చు, ఆ గంటసేపూ పెట్టె ఒళ్లంతా కరెంటే. అందుకే ఫీడర్ మొదట్లో ఆలస్యంగా పనిచేసే ఎస్ రకం 100 లేదా 300 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, సబ్ డీబీలో 30 మిల్లీయాంపులవి పెట్టాలి. రెండుచోట్లా 30వే పెడితే చిన్న లీకేజీకి ఏది పడుతుందో చెప్పలేం.

సబ్ డీబీలో న్యూట్రల్ లింకునూ ఎర్త్ బార్‌నూ (న్యూట్రల్ వైర్లు, ఎర్త్ వైర్లు విడివిడిగా చేరే లోహపు పట్టీలు) ఎప్పుడూ కలపకూడదు. కలిపితే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ వైరు గుండా వెనక్కి పారుతుంది, మొదటి ఆర్‌సీసీబీ నిలవదు. అది నిలవడం లేదని తీసేసేవాళ్లున్నారు. తప్పు ఆర్‌సీసీబీది కాదు.

డీబీని ఎలా జరిపినా ఎర్త్ గుంత నుంచి వచ్చే వైరును మరిచిపోకండి. పాత పెట్టెకు బిగించి ఉన్న ఆ వైరు అక్కడే ఆగిపోయి, కొత్త డీబీ ఎర్త్ బార్ ఖాళీ గాలికి వేలాడుతున్న ఇళ్లున్నాయి. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, లోపం బయటపడేది ఎవరికైనా షాక్ కొట్టినప్పుడే.

మార్పు రోజున

పాత ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది అరువు న్యూట్రల్. మెట్ల లైటుకు ఫేజ్ పై అంతస్తు నుంచి, న్యూట్రల్ కింది అంతస్తు నుంచి తీసుకుని ఉంటారు. ఫ్యూజుల కాలంలో నడిచిపోయింది. రెండు ఆర్‌సీసీబీల కొత్త డీబీలో ఆ లైటు వేయగానే ఇల్లు సగం చీకటి. కొత్త డీబీకి కలిపే ముందే న్యూట్రళ్లన్నీ లింకు నుంచి విప్పి, ఒకదానికొకటి మధ్య మెగ్గర్‌తో చూస్తే ఇవి దొరికిపోతాయి. 1 మెగాఓమ్‌కు తక్కువ చూపించిన జత ఎక్కడో కలిసి ఉన్నట్టు.

పోగుల వైర్లకు కొసల్లో ఫెరూల్ (పోగులను కలిపి పట్టే లోహపు తొడుగు) వేసి బిగించాలి. కొసకు టంకం పూసి స్క్రూ కింద పెట్టకూడదు, ఒత్తిడికి టంకం మెల్లగా జారి పట్టు వదులవుతుంది. స్క్రూ ఎంత బిగించాలో తయారీదారు ఇచ్చిన టార్క్ అంకె ఉంటుంది, దాని ప్రకారం టార్క్ డ్రైవర్‌తో బిగించమని అడగండి. డీబీ లోపల ప్రతి వైరుకూ 20 సెం.మీ. అదనపు పొడవు మడిచి వదిలితే, తర్వాత ఎంసీబీ స్థానం మార్చినా అతుకు అక్కర్లేదు.

కరెంటు ఇచ్చే ముందు ప్రతి ప్లగ్గు దాకా ఎర్త్ కంటిన్యుటీ (ఎర్త్ వైరు ఎక్కడా తెగకుండా ఉండటం), ఆపైన ఇన్సులేషన్ చూడాలి. ఇచ్చాక ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయేమో, చివరగా ఆర్‌సీసీబీ ఎంత వేగంగా పడుతుందో చూడాలి. టెస్ట్ బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ మెకానిజం పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది, ప్లగ్గు దగ్గర ఎర్త్ ఉందని కాదు. టెస్టర్ యంత్రంతో ప్లగ్గు నుంచి 30 మిల్లీయాంపుల లీకేజీ ఇచ్చి చూస్తే 300 మిల్లీసెకన్లలోపు, 150 ఇస్తే 40 మిల్లీసెకన్లలోపు పడాలి. ఈ అంకెలు, ఏ ఎంసీబీ ఏ గదిదో, ఏ పైపు ఏ గోడలో ఏ ఎత్తున వెళ్తోందో రాసిన కాగితం డీబీ తలుపు లోపల అంటించమనండి. గాడులు మూసేముందు తీసిన ఫోటోలు, పక్కన కొలతపట్టీ కనిపించేలా, ఆ కాగితంతో పాటే దాచుకోండి.